అజంప్షన్ ప్రశ్నల్లో చివరి రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోతుంటే: నా అనుభవం

జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) క్రిటికల్ రీజనింగ్‌లో, అంటే వాదనల మీద వచ్చే ప్రశ్నల్లో, అజంప్షన్ పట్టుకోమంటారు: వాదన పైకి చెప్పకుండానే ఆధారపడ్డ విషయం. ఐదు ఆప్షన్లలో మూడు తేలిగ్గానే ఎగిరిపోతాయి. మిగిలిన రెండింటిలో తప్పుదే టిక్ పడేది. పేరా మళ్లీ మళ్లీ చదవడం, కీవర్డ్ వెతకడం, టైమర్ పెట్టుకోవడం: ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు ముగింపు వాక్యం పట్టుకోవాలి, తర్వాత దానికి చూపిన కారణం. ఆపై మిగిలిన రెండు ఆప్షన్లనూ ఒక్కొక్కటిగా తిరగేసి, అంటే దాని వ్యతిరేకం నిజమనుకుని, ముగింపు ఇంకా నిలబడుతుందా అని చూడాలి. కూలితే అదే జవాబు.

ఉదాహరణకు: "బస్సు చార్జీలు తగ్గించారు, కాబట్టి రోడ్ల మీద కార్లు తగ్గుతాయి."
ఎ) కార్లవాళ్లలో కొందరైనా చార్జీ ఎక్కువనే బస్సెక్కడం లేదు.
బి) కార్లవాళ్లందరూ బస్సుకు మారతారు.

బి తిరగేస్తే "మారేది అందరూ కాదు". సగం మంది మారినా కార్లు తగ్గుతాయి, వాదనకేం కాలేదు. ఎ తిరగేస్తే "చార్జీ వల్ల బస్సు మానేసినవాళ్లు ఒక్కరూ లేరు". ఇక చార్జీ తగ్గించి లాభమేంటి? వాదన కూలింది. జవాబు ఎ.

దెబ్బ తినేది తిరగేయడంలోనే. "అందరూ"కి వ్యతిరేకం "ఎవరూ కాదు" అనుకుంటే బి కూడా వాదనను కూల్చినట్టే కనిపిస్తుంది. సరైనది "అందరూ కాదు". "కొందరు"కే "ఎవరూ కాదు".

ఐదు ఆప్షన్లకూ ఇది చేస్తే టైమ్ చాలదు, చివరి రెండింటికే. ఎల్‌శాట్ (లా కాలేజీల ప్రవేశ పరీక్ష)లో "ఇది నిజమైతే ముగింపు తప్పక నిజమవుతుంది" తరహా ప్రశ్నలకు మాత్రం పనికిరాదు. బ్యాంకు పరీక్షల స్టేట్‌మెంట్-అజంప్షన్లకు నాకు చాలావరకు కుదిరింది, అన్నిటికీ అని చెప్పలేను.