చూసిన రాత్రే రాసుకోవాలి

నాటకం చూసి వచ్చినవారు, పాట విన్నవారు, పుస్తకం ముగించినవారు తమకు తోచిన మాటను ఆ రోజే రాసి పెట్టుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు గాని, కొంత పద్ధతి కావాలి. పద్ధతి లేని రోజువారీ రాత మూడు నెలలు తిరిగేసరికి "అద్భుతం", "అమోఘం", "పరవాలేదు" అనే మూడు మాటల మధ్య తిరిగి తిరిగి ఆగిపోతుంది. నల్లగొండలో ఉంటూ అటు సూర్యాపేట, మిర్యాలగూడ దాకా, ఇటు దేవరకొండ మీదుగా పాలమూరు దాకా ఎక్కడ ఆట ఉందన్నా వెళ్లి కూర్చునే అలవాటు నాకు చాలా ఏండ్లుగా ఉంది. నా మొదటి రెండు పుస్తకాలు ఇప్పుడు తీసి చూస్తే వాటిలో నా పరవశం ఉంది, ఆట లేదు. ఎవరు ఏ పద్యం ఏ రాగంలో పాడారో, ఎంతసేపు పాడారో, జనం ఎక్కడ లేచిపోయారో ఒక్క ముక్కా లేదు. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండు పుస్తకాలు పాడుచేసుకున్న తర్వాత నేర్చుకున్నదే.

200 పేజీల రూళ్ల పుస్తకం ఒకటి తీసుకోండి. రాత ఎప్పుడూ కుడి పేజీలోనే సాగాలి, ఎడమ పేజీ ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ ఎందుకో తర్వాత చెబుతాను. ప్రతి రాతకూ పైన తేదీ, ఊరు, ఆట మొదలైన సమయం, ముగిసిన సమయం, మీరు కూర్చున్న చోటు రాయాలి. కూర్చున్న చోటుతో పనేమిటని చాలామంది అనుకుంటారు. గుడి ముందు పందిరి కింద ఆడే పద్యనాటకంలో హార్మోనియం పక్కన కూర్చున్నవారికి శ్రుతి తప్పడం ఇట్టే తెలుస్తుంది గాని నటుని ముఖం సగమే కనిపిస్తుంది. వెనక మైకు డబ్బా కింద నిలబడ్డవారికి ప్రతి పద్యమూ అరుపుగానే వినిపిస్తుంది. "గొంతు కర్కశంగా ఉంది" అని మీరు రాసిన మాట గొంతుకు చెందుతుందా, డబ్బాకు చెందుతుందా అన్నది ఆరు నెలల తర్వాత తేల్చేది ఆ ఒక్క వివరమే. చీకట్లో ఫోను వెలిగించి రాయకండి, పక్కవారికి ఇబ్బంది. చొక్కా జేబులో నాలుగు చీటీలు, ఒక పెన్సిలు ఉంచుకొని కాగితం వంక చూడకుండానే ఒకటి రెండు మాటలు గీకితే చాలు. ఇంటికి వచ్చి, నిద్రకు ముందే, వాటిని విప్పి రాసుకోవచ్చు.

మొదటి అరపేజీలో మీ అభిప్రాయం ఒక్కటి కూడా ఉండకూడదు. జరిగినదే రాయాలి. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకప్పుడు అచ్చులో వస్తే, ఇదే పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి దానికి జవాబుగా 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆ జవాబులో కోపం కంటె పేర్ల పట్టికే బలంగా పనిచేసింది. రోజువారీ విమర్శ రాసుకునేవారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు: ఉన్నదేమిటో ముందు పేర్చి చూపితే తీర్పు సగం దానంతట అదే తేలుతుంది.

పద్యనాటకం విషయంలో ఉన్నదాన్ని పేర్చడం అంటే ఏమిటో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవైపు ఇప్పటికీ ఎక్కువగా చూడదొరికేది అదే, మనవారు తొందరగా పొగిడేదీ, తొందరగా ఎగతాళి చేసేదీ అదే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలోని పడక సీను తీసుకుందాం. గద్వాల, ఆత్మకూరు సంస్థానాలలో అవధానాలు చేసి మన్ననలు అందుకున్న ఆ జంటకవుల పద్యాలు మన పల్లెల్లో అక్షరం రానివారికి కూడా నోటికి వస్తాయి. ద్వారకలో నిద్ర లేచిన కృష్ణుడు దుర్యోధనుని పలకరించే "బావా యెప్పుడు వచ్చితీవు సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్" అన్న పాదం శార్దూలవిక్రీడితం. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరవలసిన చోటు, 13వ అక్షరం మీద, "భ్రాతల్" దగ్గర పడుతుంది. అర్థం మాత్రం 9వ అక్షరం దగ్గరే, "వచ్చితీవు" తర్వాత విరుగుతుంది. నటుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో చెవి పెట్టి వినండి. "వచ్చితీవు" దగ్గర ఆగితే అది పలకరింపు అవుతుంది. "సుఖులే" దగ్గర ఆగి రాగం అందుకుంటే యతి నిలబడుతుంది, చెవికి ఇంపుగానూ ఉంటుంది, కాని పలకరింపు కాస్తా పాటకచేరీ అవుతుంది. రెండూ తప్పు కాదు. ఏది చేశాడో రాయకుండా "పద్యం బాగా పాడాడు" అని రాయడమే తప్పు.

దీనితో పాటు గడియారం చూసుకోవాలి. పద్యం ఎంతసేపు, దాని చివర రాగం ఎంతసేపు అన్న రెండు అంకెలు పక్కపక్కన వేసుకుంటే నటుని మనసు ఎటువైపు ఉందో తెలిసిపోతుంది. నాలుగు పాదాలు నిమిషంలో ముగించి మూడు నిమిషాలు రాగం తీసినవారు ఉన్నారు, వారికి "వన్స్ మోర్" కొట్టినవారిలో నేనూ ఉన్నాను. రాగం పేరు తెలియకపోతే ఊహించి రాయవద్దు. మోహనో బిలహరో తేల్చుకోలేనప్పుడు ఆ స్వరం మీకు తెలిసిన ఏ పాటలా వినిపించిందో రాసుకొని, మర్నాడు సంగీతం తెలిసినవారిని అడగండి. హార్మోనియం వాయించినవారి పేరు తప్పక రాయాలి. కరపత్రంలో ఆ పేరు చాలాసార్లు ఉండదు, ఆట నిలబెట్టేది మాత్రం ఆయనే.

పద్యం ఎవరిదో కూడా విడిగా గుర్తించాలి. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను చూసి "బలిజేపల్లివారి పద్యాలు కంట నీరు తెప్పించాయి" అని రాసేవారు చాలామంది ఉన్నారు. ఆ సీనులో నటులు పాడే పద్యాలలో కొన్ని బలిజేపల్లి లక్ష్మీకాంతకవివి, కొన్ని గుర్రం జాషువా శ్మశానవాటిలోనివి. రంగస్థలం వాటిని కలుపుకొని తనవి చేసుకుంది. ఏ పద్యం దగ్గర జనం కదిలిపోయారో చూసి, అది ఎవరిదో పుస్తకం తెరిచి సరిచూసుకున్న తర్వాతే పేరు వేయండి. జాషువా పద్యానికి వచ్చిన చప్పట్లు మరొకరి ఖాతాలో రాయడం చిన్న పొరపాటు కాదు.

పాత రికార్డులు విని రాసేటప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పది అంగుళాల లక్క రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. అందువల్ల రంగస్థలం మీద పదినిమిషాలు సాగే పద్యాన్ని ఆ నటుడే రికార్డులో బిగించి పాడవలసి వచ్చేది. దాన్ని విని "ఆ కాలంవారు రాగం మితంగా తీసేవారు" అని తేల్చడం డబ్బాలో పట్టినంత పంటే పొలంలో పండిందనడం వంటిది. 1925కు ముందు రికార్డింగుకు మైక్రోఫోను వాడేవారు కాదు, గాయకుడు కొమ్ము ముందు నిలబడి పాడేవాడు, మంద్ర స్వరాలు అందులో సరిగా పడేవి కావు. ఆ తర్వాతి రికార్డులో గొంతు నిండుగా ఉంటే గాయకుడు ఎదిగాడనుకోవద్దు, యంత్రం మారిందేమో చూడండి.

వేగం సంగతి నా అనుభవంతో నేర్చుకున్నాను. ఒక పాత నటుని పద్యం ఫోనులో విని, "ఈ శ్రుతిలో ఇంత తేలికగా పాడినవారు మరొకరు లేరు" అని ఒక పూట పొంగిపోయి పేజీన్నర రాశాను. తర్వాత అదే రికార్డును మరొకరు ఎక్కించినది వింటే శ్రుతి దిగి ఉంది, గొంతు కూడా నడివయసు మనిషిదిగా ఉంది. 78కి బదులు 83 చుట్లు తిరిగితే శ్రుతి దాదాపు అరస్వరం పైకి పోతుంది. నేను మెచ్చుకున్నది గాయకుణ్ని కాదు, మోటారును. అప్పటినుంచి ఒకే రికార్డుకు రెండు మూడు ప్రతులు దొరికితే అన్నీ విని గాని శ్రుతి గురించి మాట రాయడం లేదు.

పాత ప్రదర్శనకు ఒక్క తేదీ చాలదు. రచన ఎప్పటిది, రంగస్థలానికి ఎప్పుడు ఎక్కింది, మనం వింటున్న రికార్డు ఎప్పటిది అన్న మూడూ వేరువేరుగా వేసుకోవాలి. తెలియనిచోట గీత గీసి వదిలేయాలి. "మీరజాలగలడా" పాటను 1966 నాటి శ్రీకృష్ణతులాభారం చిత్రంలో సుశీల గొంతులో విన్నవారు అది సినిమా పాట అనుకుంటారు. అది సత్యభామ వేషంతో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు (1902–1971) తానే రాసుకొని రంగస్థలం మీద పాడిన పాట. పేరు ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు అన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మాభూమి నాటకాన్నీ, గౌతమ్ ఘోష్ తీసిన మాభూమి చిత్రాన్నీ కలిపి మాట్లాడేవారు మన జిల్లాలోనే ఎక్కువ. చిత్రానికి ఆధారం ఆ నాటకం కాదు, కృష్ణచందర్ ఉర్దూ నవల.

ఇప్పటిదాకా చెప్పిన కొలతలు పట్టుకొని ఒగ్గుకథకు, అంటే డోలు మోతతో పాడుతూ ఆడుతూ చెప్పే మల్లన్న, బీరప్ప వంటి దేవుళ్ల కథకు, పోతే పని జరగదు. మల్లన్న పట్నం (రంగుపొడులతో వేసే పూజ ముగ్గు) వేసిన ఇంట్లో కథ వినేవారు టికెట్టు కొన్న ప్రేక్షకులు కారు. అక్కడ కథ కొలుపులో ఒక భాగం, మధ్యలో ఆపి బండారి (పసుపు) పంచడం కథకు అడ్డంకి కాదు. అక్కడ రాసుకోవలసినవి వేరు: కథకుడు చెప్పడం ఆపి పాత్రలోకి ఎప్పుడు దూకాడు, భుజం మీది కండువాను ఏయే వస్తువుగా చూపించాడు, వంత పాడేవారు మాట అందించారా మాట మీద మాట వేశారా, డోలు ఎక్కడ మౌనంగా ఉంది. సొరకాయ బుర్రలు కట్టిన తీగల వాద్యం కిన్నెర దగ్గర మరొక చెవి కావాలి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరకు 2022లోనూ, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప బుర్రవీణకు 2024లోనూ పద్మశ్రీ వచ్చిన తర్వాత వాద్యాల గురించి చాలామంది రాశారు గాని, పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథలో గొంతు ఆగినచోట కిన్నెర ఏమి పలికిందో రాసినవారు తక్కువ. రాయవలసింది అదే. ఇంకొకటి, కళాకారుడు తన పనిని ఏ మాటతో చెబుతాడో ఆ మాటే వాడండి. ఆయన "ఆట" అంటే మీరు "ప్రదర్శన" అని, "ఏసం" అంటే "ఆహార్యం" అని మార్చి రాస్తే మీ వాక్యానికి బరువు వస్తుంది గాని ఆయనకు అది పరాయిదవుతుంది.

ఆట లేని రోజు పుస్తకం ఉంటుంది. పాట కవుల పుస్తకాలు చదివేటప్పుడు నేను ఒక నియమం పెట్టుకున్నాను: గొంతు వినకముందే అచ్చు చదివి అరపేజీ రాస్తాను, తర్వాత పాట విని మిగతా అరపేజీ రాస్తాను. గోరటి వెంకన్న వల్లంకి తాళానికి 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినప్పుడు పాటను కవిత్వంగా ఎట్లా చదువుతారని కొందరు అడిగారు. ఈ రెండు అరపేజీలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎవరి జవాబు వారికే దొరుకుతుంది. కథలు, నవలల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. వాటికి పేజీ సంఖ్య వేసుకుంటే చాలు, పుస్తకం ఎక్కడికీ పోదు.

రాత్రి రాసినదాన్ని మర్నాడు పొద్దున ఒకసారి చదివి, అప్పుడు మాత్రమే అభిప్రాయం రాయండి. తప్పు ఎత్తి చూపేటప్పుడు ఆ తప్పు మనిషిదా, ఏర్పాటుదా అని చూడాలి. కూలి పనికి పోయి వచ్చి రాత్రి పదకొండింటికి ముఖానికి రంగు వేసుకున్నవాడు మాట మరిచిపోతే దాన్ని రాయండి, కాని ఆ పదకొండు గంటలనూ దాని పక్కనే రాయండి. పెద్ద పేరున్నవారు అదే మాట మరిచిపోయినప్పుడు మెత్తబడకండి; ఈ విషయంలో నేను చాలాసార్లు మెత్తబడ్డాను.

ఇక ఎడమ పేజీ. కుడి పేజీలో రాసినది తప్పని తర్వాత తెలిస్తే కొట్టివేయవద్దు, ఎదురుగా ఎడమవైపు వేరే సిరాతో కొత్త తేదీ వేసి సవరణ రాయండి. నా పుస్తకంలో ఒకచోట కుడివైపు "అర్జునుడు రాగం మరీ సాగదీశాడు, సీను చచ్చిపోయింది" అని ఉంది. ఏడాదిన్నర తర్వాతి తేదీతో ఎడమవైపు ఇట్లా ఉంది: "లోపల కరెంటు పోయింది, తర్వాత రావలసిన వేషం సగంలో ఉంది. అది తయారయ్యేదాకా రాగం ఆపవద్దని సైగ చేసింది తానేనని హార్మోనియం వాయించిన పెద్దాయన చెప్పారు."