కాంపర్ బ్యాటరీని జనరేటర్‌తో ఛార్జ్ చేసే ముందు

మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులతో అమెరికాలో కాంపర్ (లోపలే పడుకొని, వండుకోగల ప్రయాణపు బండి) ప్రయాణాల కాలం మొదలవుతుంది. కరెంటు హుక్‌అప్ (బండికి కరెంటు అందించే కనెక్షన్) లేని చోట మూడు నాలుగు రాత్రులు ఉండదలచినవారు చిన్న జనరేటర్‌ను వెంట తీసుకెళ్తారు. దానితో బ్యాటరీని ఛార్జ్ చేయడం పెద్ద విద్య కాదు గానీ, ఆ పని పొద్దున్నే, ఇంటిల్లిపాదీ మేలుకొని ఉన్నప్పుడే చేయాలి. పడుకునే వేళ ఎంత మాత్రం చేయకూడదు.

జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మెలకువగా ఉన్న మనిషికి తలనొప్పి, వికారం వచ్చి కాస్త తెలుస్తుంది. నిద్రలో ఉన్న మనిషికి అదీ తెలియకుండానే ప్రాణం పోతుంది. అందుకని యంత్రాన్ని కాంపర్‌కు కనీసం 20 అడుగుల దూరాన, గాలివాటం చూసుకొని, పొగగొట్టం అవతలి వైపు తిరిగి ఉండేలా పెట్టాలి. వాన వస్తోందని పందిరి గుడ్డ కిందికో, కాంపర్ అడుగుకో జరపకూడదు. పక్కన గుడారంలో ఉన్నవారి వైపూ పొగ వెళ్లకూడదు. కాంపర్ లోపలి కార్బన్ మోనాక్సైడ్ అలారం మీద ముద్రించిన గడువు తేదీ చూసి, మీట నొక్కి పరీక్షించండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు చలికి కిటికీలన్నీ మూసుకొని పడుకుంటారు కాబట్టి, ఆ మోత ఎలా ఉంటుందో వారికి ముందే వినిపించి, అది మోగిన వెంటనే బయటికి వచ్చేయాలని చెప్పి ఉంచండి.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో జనరేటర్‌ను ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 గంటల మధ్య మాత్రమే నడపనిస్తారు. ఆ రెండేసి గంటలను జనరేటర్‌కు ఉండే 12 ఓల్టుల సాకెట్‌తో వృథా చేసుకోకండి. దాని నుంచి వచ్చేది సాధారణంగా 8 ఆంపియర్లే. పైగా బ్యాటరీ నిండినా అది తనంతట తాను ఆగదు. కాంపర్ కరెంటు తీగను అడాప్టర్‌తో జనరేటర్ 120 ఓల్టుల సాకెట్‌కు కలిపితే, లోపలి కన్వర్టర్ (ఆ కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చే పరికరం) అంతకు ఎన్నో రెట్ల వేగంతో ఛార్జ్ చేస్తుంది. లెడ్ ఆసిడ్ బ్యాటరీ 80 శాతం దాకా త్వరగానే నిండినా, మిగిలిన 20 శాతానికి గంటలు పడుతుంది; ఆ భాగాన్ని సోలార్ పలకకు వదిలేయడమే మేలు. వాడకం లేనప్పుడు ఓల్టేజి 12.1కి దిగిందంటే సగం ఖాళీ అయినట్టే, అంతకంటే దిగనివ్వకూడదు. ఛార్జింగ్‌లో ఈ బ్యాటరీ నుంచి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి, బ్యాటరీ పెట్టెకు గాలి ఆడనిచ్చి, దగ్గర నిప్పు లేకుండా చూసుకోవాలి.

ఎత్తైన చోట జనరేటర్ బలం తగ్గుతుంది. ప్రతి 1000 అడుగులకు సుమారు 3.5 శాతం చొప్పున, యోసెమిటీలోనే 8600 అడుగుల ఎత్తున్న టువాలమీ మెడోస్‌లో దాదాపు 30 శాతం పోతుంది. అందుచేత ఛార్జింగ్ సమయంలో ఏసీ, మైక్రోవేవ్ ఆపి, ఫ్రిజ్‌ను ప్రొపేన్ మీదికి మార్చండి. అక్కడ వేసవి తెల్లవారుజామున కూడా నీరు గడ్డకట్టే చలి ఉండవచ్చు. లిథియం బ్యాటరీని 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగువన ఛార్జ్ చేస్తే పాడవుతుంది కనుక, అది ఉన్నవారు మాత్రం మధ్యాహ్నం దాకా ఆగాలి.

పెట్రోల్‌ను ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, స్టార్ట్ చేయకముందే పోయండి. డబ్బాను కాంపర్ లోపల ఎప్పుడూ ఉంచకండి. బంకులో నింపేటప్పుడు ట్రక్కులోంచి దించి నేల మీద పెట్టండి.