బోటు ఏసీకి కొత్త నీళ్ల పంపు కొనే ముందు

ఏసీ పది నిమిషాలు చల్లగా తిరిగి ఆగిపోతుంది. డొమెటిక్ కంట్రోలర్ అయితే తెర మీద హెచ్‌పీఎఫ్ అని పడుతుంది, అంటే గ్యాస్ ప్రెషర్ హద్దు దాటింది. ఈ ఏసీని చల్లబరిచేది పంపు లాగే సముద్రపు నీళ్లే; అవి తిరిగి బయటపడే రంధ్రం దగ్గర, బోటు పక్కన చూస్తే ధార సన్నబడి ఉంటుంది. చాలామంది ఇక్కడే పంపు పోయిందని తేల్చేసి కొత్తదానికి ఆర్డరు పెట్టేస్తారు. దయచేసి ఆగండి. సీకాక్ (బోటు అడుగు నుంచి నీళ్లు లోపలికొచ్చే చోటి వాల్వు) పూర్తిగా తెరిచి ఉందా? పంపుకు ముందు నీళ్లను వడకట్టే స్ట్రైనర్ జాలీలో నాచు పేరుకుందా? ఈ రెండూ చూడకుండా పంపు మార్చేవాళ్లే ఎక్కువ.

ముందు కొలవండి

బయటపడే నీళ్ల కింద పది లీటర్ల బకెట్ పెట్టి టైము చూడండి. 12,000 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీకి నిమిషానికి సుమారు 11 లీటర్లు కావాలి, అంటే బకెట్ 55 సెకన్లలో నిండాలి. 16,000 బీటీయూకి అయితే 40 సెకన్లలో. బయటికొచ్చే నీళ్లు సముద్రపు నీళ్ల కంటే 5 నుంచి 8 డిగ్రీలు వెచ్చగా ఉంటే సరే. అంతకు మించితే నీళ్లు చాలట్లేదని అర్థం.

బకెట్ టైముకే నిండుతున్నా హెచ్‌పీఎఫ్ వస్తోందంటే తప్పు పంపుది కాదు. ఏసీ హీటింగ్ మోడ్‌లో ఉంటే గాలి ఫిల్టరు చూడండి. చల్లబరిచే మోడ్‌లో అయితే, గ్యాస్ వేడిని నీళ్లు తీసుకెళ్లే కండెన్సర్ గొట్టంలో పెచ్చు కట్టి ఉండొచ్చు, యాసిడ్ వాష్ చేయించాలి.

మోటారు చప్పుడే లేదు

ఏసీ నడుస్తుండగా పంపు వైర్ల దగ్గర మల్టీమీటర్ పెట్టండి. కరెంటు వస్తుంటే పంపు చెడిందనుకోవచ్చు. రాకపోతే ఏసీ నడిచినప్పుడు పంపును ఆన్ చేసే రిలే బాక్సు చూడాలి. రెండు మూడు ఏసీలకు ఒకే పంపు ఉన్న బోట్లలో ఈ బాక్సు ఉంటుంది.

మోటారు తిరుగుతోంది, నీళ్లు రావు

కరెంటు తీసి, సీకాక్ మూసి, పంపు తల (ఇంపెల్లర్, అంటే నీళ్లను నెట్టే చక్రం ఉండే భాగం) స్క్రూలు విప్పండి. ఈ పంపుల్లో ఇంపెల్లర్‌ను తిప్పేది అయస్కాంతం కాబట్టి, చిన్న గుల్ల ముక్క అడ్డుపడి ఇంపెల్లర్ ఆగిపోయినా మోటారు మాత్రం మామూలుగానే తిరుగుతుంది. వేలితో తిప్పితే ఇంపెల్లర్ తేలిగ్గా తిరగాలి.

అదీ బాగానే ఉంటే గాలి పట్టింది. మోసం చేసేది ఇదే. ఇవి సెంట్రిఫ్యూగల్ పంపులు, తమంతట తాము నీళ్లు లాక్కోలేవు. పొలంలో ఫుట్‌వాల్వ్ కారిన మోటారు ఎంత తిరిగినా నీళ్లు ఎత్తనట్టే, ఇక్కడ తలలో కాస్త గాలి చేరితే చాలు. కొత్త పంపు పెట్టగానే ధార బ్రహ్మాండంగా వస్తుంది. ఎందుకంటే పంపు మార్చడానికి గొట్టాలు విప్పారు, లోపలి గాలి ఆ దారినే పోయింది. వారం తిరక్కుండా మళ్లీ పాత కథే. ఈలోగా బాగున్న పాత పంపు చెత్తబుట్టలో పడి ఉంటుంది.

అందుకే కొనే ముందు ఇలా చేయండి. పంపు ఆపి, సీకాక్ తెరిచి, పంపు పైనుంచి ఏసీకి వెళ్లే గొట్టాన్ని పీకండి. పంపు నీటిమట్టానికి కింద ఉంటే నీళ్లు వాటంతట అవే బుడగలతో పొంగుతాయి. బుడగలు ఆగి నిండు ధార రాగానే గొట్టం తొడిగి పంపు వేయండి. ధార వచ్చిందా? అయితే గాలి ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకాలి.

స్ట్రైనర్ గాజు గిన్నెలోకి టార్చి వేసి చూడండి. పంపు నడుస్తుండగా మూత అంచు నుంచి సన్నటి బుడగల దండ దిగుతుంటే మూత కింది రబ్బరు ఓ-రింగ్ ఎండిపోయింది. మార్చి, సిలికాన్ గ్రీజు రాయండి. బుడగలు కిందనుంచి వస్తుంటే సీకాక్ వైపు క్లిప్పులు బిగించండి. బుడగలే లేకపోతే గొట్టం పోయిన దారి చూడండి. అడుగు రంధ్రం నుంచి స్ట్రైనర్, పంపు, ఏసీ దాకా ఎక్కుతూనే పోవాలి, మధ్యలో మూపురంలా లేచి దిగితే గాలి అక్కడే కూర్చుంటుంది. పంపు నీటిమట్టానికి కనీసం ఒక అడుగు కింద, స్ట్రైనర్ పంపు కంటే దిగువన ఉండాలి. పంపు తల నోరు పైకో పక్కకో ఉండాలి తప్ప కిందికి కాదు.

బోటు వేగంగా నడిచొచ్చాక మాత్రమే ఈ గొడవ వస్తోందంటే, అడుగు రంధ్రం మీద నీళ్లు లోపలికి పట్టే స్కూప్ వెనక్కి తిరిగి ఉందేమో చూడండి. అలా ఉంటే నడిచేటప్పుడు నీళ్లను బయటికి లాగేస్తుంది. స్కూప్ నోరు ముందుకు ఉండాలి.

నిజంగానే పంపు మార్చాల్సి వస్తే

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే గంటకు ఇన్ని లీటర్లు అనే అంకె సున్నా ఎత్తులో కొలిచింది. నీటిమట్టం నుంచి గొట్టం ఎక్కే అత్యధిక ఎత్తు కొలిచి, గొట్టం, కండెన్సర్ కాయిల్ రాపిడికి ఇంకాస్త కలిపి, పంపు గ్రాఫ్‌లో ఆ ఎత్తు దగ్గర ఎన్ని లీటర్లు ఇస్తుందో చూడండి. అక్కడ మీ ఏసీలన్నిటికీ కలిపి సరిపోవాలి. భద్రత కోసమని రెట్టింపు పంపు పెట్టకండి, నీళ్ల వేగం మితిమీరితే కండెన్సర్‌లోని కుప్రోనికెల్ (రాగి-నికెల్ లోహం) గొట్టం లోపలివైపు అరిగిపోతుంది.

ఫ్రీక్వెన్సీ చూడటం మరవకండి. మన దగ్గరా దుబాయ్‌లోనూ 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్ గ్రాఫ్ చూసి కొన్న పంపు ఇక్కడ దాదాపు 17 శాతం తక్కువ నీళ్లిస్తుంది, ఎత్తే శక్తి 30 శాతం దాకా పడిపోతుంది. గల్ఫ్‌లో ఎండాకాలం సముద్రపు నీళ్లే 33 డిగ్రీలు దాటతాయి, ఆ లోటు వెంటనే హెచ్‌పీఎఫ్‌గా బయటపడుతుంది. నేమ్‌ప్లేట్ మీద 50 హెర్ట్జ్ ఉండాలి, నిరంతరం నడిచే రకమని రాసి ఉండాలి. బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు ఈ పనికి పనికిరాదు. రబ్బరు రెక్కల పంపు తానే నీళ్లు లాగుతుంది గానీ రాత్రింబవళ్లు నడిస్తే రబ్బరు త్వరగా అరుగుతుంది.

మరలు కూడా సరిచూసుకోండి. అమెరికా పంపులకు ఎన్‌పీటీ రకం మర, మన బజారు ఫిట్టింగులకు బీఎస్పీ రకం మర ఉంటుంది. అరంగుళం, ముప్పావు సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 మరలే కాబట్టి చుట్టూ రెండు తిప్పులు చక్కగా ఎక్కుతాయి. మర కోణం వేరు కావడంతో టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా గాలి లాగుతుంది. పీల్చే వైపు ఈ పొరపాటు జరిగితే కొత్త పంపుకూ గాలి పడుతుంది. ఆ వైపు గొట్టం పంపు నోటి కంటే సన్నగా ఉండకూడదు, ప్రతి కొనకూ రెండు స్టెయిన్‌లెస్ క్లిప్పులు ఎదురెదురుగా బిగించండి.

గ్యాస్ లీకైతే హెచ్‌పీఎఫ్ కాదు, ఎల్‌పీఎఫ్ పడుతుంది, అంటే గ్యాస్ ప్రెషర్ మరీ తగ్గింది. అది ఏసీ మెకానిక్ పని.