చేపల తొట్టి కొన్న రోజే చేపలు తేవద్దు

ఆదివారం సాయంత్రం షాపుకెళ్లి ట్యాంకు, రంగురాళ్లు, ఫిల్టరు, పది చేపలు అన్నీ ఒకేసారి ఆటోలో వేసుకొస్తాం. రాత్రికల్లా నీళ్లు నింపి, లైటు వేసి, ఇంటిల్లిపాదీ ముందు కూర్చుంటాం. బుధవారానికి ఒక చేప తేలుతుంది, శుక్రవారానికి ఇంకో మూడు. షాపుకెళితే "నీళ్లు పడలేదండీ" అంటూ ఒక నీలం మందు సీసా, మరో నాలుగు చేపలు ఇచ్చి పంపిస్తారు. మా ఇంట్లో మొదటిసారి అచ్చం ఇలాగే జరిగింది. మా చిన్నది రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అందులో విషం ఉండొచ్చు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతూనే ఉంటాయి. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, రాళ్ల మీద పెరగాలి. కొత్త ట్యాంకులో అవి ఉండవు, పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే పాలు తోడుపెట్టి పెరుగయ్యేదాకా ఆగడం లాంటిదే, కాకపోతే ఇక్కడ ఒక రాత్రి సరిపోదు.

ఈ నెల రోజులూ ఫిల్టరు ఆపకుండా నడవాలి. చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్లి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో జబ్బుల్లేని పాత ట్యాంకు ఉంటే వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క అడిగి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. తోడు దొరికినట్టే, పని త్వరగా అవుతుంది. నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, నైట్రేట్ కనిపిస్తుంటే అప్పుడు చేపలు తేవచ్చు. అదీ రెండో మూడో చిన్నవి. వారం పది రోజులు చూసి, మిగతావి తర్వాత. షాపు కవరును ట్యాంకులో 15, 20 నిమిషాలు తేలనిచ్చి, మన నీళ్లు కొంచెం కొంచెంగా అందులో కలిపి, చేపల్ని వలతో తీసి వదలండి. కవరులో నీళ్లు మాత్రం సింకులోకే.

నీళ్ల సంగతి. కుళాయి నీళ్లలో క్లోరిన్ చేపలకూ పడదు, మనం కష్టపడి పెంచిన బ్యాక్టీరియాకూ పడదు. మూత లేని బకెట్లో 24 గంటలు ఉంచినా, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసినా క్లోరిన్ పోతుంది. అపార్ట్‌మెంట్లలో సంపు కడిగి బ్లీచింగ్ పౌడరు కలిపిన వారం మాత్రం ట్యాంకు నీళ్లు మార్చకండి. ఎప్పుడు కడుగుతారో వాచ్‌మన్‌ని ముందే అడిగి పెట్టుకోండి. ఈ పాఠం నాకు రెండు గప్పీ చేపల ఖరీదుకు దొరికింది. బోరు నీళ్లు కాస్త ఉప్పగా, ఖనిజాలు ఎక్కువగా ఉన్నా గప్పీలు, మోలీలు తట్టుకుంటాయి. ఆర్వో నీళ్లే పూర్తిగా పోయడం మంచిది కాదు, వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు.

ఎక్కడ పెట్టాలి అన్నది నింపకముందే తేల్చుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 55 లీటర్ల నీళ్లు పడతాయి. అద్దం, రాళ్లు కలిపితే 70 కిలోలు దాటుతుంది. టీవీ స్టాండు దానికోసం చేసింది కాదు. గట్టి బల్ల మీద, కింద థర్మాకోల్ షీటు పరిచి, వాలు లేకుండా పెట్టండి. ఒక రోజు బాల్కనీలో నీళ్లు పోసి లీకేజీ చూసుకుని, ఖాళీ చేశాకే లోపలికి తేవాలి. నీళ్లున్న ట్యాంకును ఒక్క అంగుళం కూడా జరపొద్దు, అతుకులు వదిలేస్తాయి. ఎండ తగిలే కిటికీ పక్కన వద్దు. నాచు పడుతుంది, మే నెలలో నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి.

కరెంటు దగ్గర మొహమాటం వద్దు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉండాలి. వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్లోకి వెళ్లదు. చెయ్యి లోపల పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ పీకేయాలి, హీటరైతే చల్లారేదాకా పావుగంట నీళ్లలోనే ఉంచాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ఈ వంకతోనైనా పెట్టించండి. కరెంటు పోతుంటే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి చేతికందేలా ఉంచుకోండి.

చాలామంది మర్చిపోయేది దోమల మందు. బొద్దింకల స్ప్రేలు, దోమల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు కొంచెమైనా ప్రాణాంతకం. ఎయిర్ పంపు గదిలో గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది మరి. స్ప్రే కొట్టక తప్పకపోతే పంపు ఆపి, ట్యాంకును పూర్తిగా కప్పి, గాలి బాగా ఆడాకే తీయండి.

మేత ఒక్కరి బాధ్యతగా ఉంచండి. లేకపోతే పొద్దున నాన్నమ్మ, మధ్యాహ్నం పిల్లలు, సాయంత్రం వచ్చిన చుట్టాలు తలా చిటికెడు వేస్తారు. రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. ఒక రోజు పస్తున్నా వాటికేమీ కాదు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. ఫిల్టరు స్పాంజిని అలా తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కడిగితే తోడు పారబోసినట్టే. సబ్బు, సర్ఫ్ దేనికీ తగలకూడదు.

అద్దం శుభ్రం చేస్తుందని సక్కర్ చేపను అంటగడతారు. వేలెడంత పిల్ల, అడుగు దాటి పెరుగుతుంది. పెద్దదయ్యాక చెరువులో వదిలేద్దామనుకోకండి. అలా జనం వదిలినవే మన చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి, దెయ్యం చేప అన్న పేరు ఊరికే రాలేదు. పెంచలేకపోతే షాపులోనే తిరిగి ఇచ్చేయండి, చాలాచోట్ల తీసుకుంటారు.