‘ఏలియన్ 3’ని రెండోసారి ఎలా చూడాలి

పోయిన సినిమాని మళ్ళీ మళ్ళీ చూడటం ఎడిటింగ్ రూములో బతికినవాళ్ళకి ఉండే జబ్బు. నేను పన్నెండేళ్ళు అసిస్టెంట్‌గా చేశాను. మధ్యలో డైరెక్టర్ మారినవీ, క్లైమాక్స్ రాయకుండానే సెట్స్ మీదికెళ్ళినవీ కోశాను, అతికాను. అలాంటివాడికి 1992లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఏలియన్ 3’ (మనుషుల్ని వేటాడే గ్రహాంతర జీవి కథల్లో మూడోది) పెద్దబాలశిక్ష. ఒకసారి చూసి తిట్టుకున్నవాళ్ళకోసం ఇది రాస్తున్నాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి, కథంతా చెప్పేస్తాను.

ముందు కోపం తీర్చుకోండి. 1986 నాటి రెండో భాగంలో కథానాయిక రిప్లీ ప్రాణాలకు తెగించి కాపాడిన పాప న్యూట్‌నీ, సైనికుడు హిక్స్‌నీ ఇందులో టైటిల్స్ పడుతుండగానే చంపేశారు. ఆ కోపం న్యాయమైనదే. కాకపోతే దాన్ని కడుపులో పెట్టుకుని కూర్చుంటే తర్వాత రెండు గంటలూ ఏమీ కనబడదు.

తర్వాత ఏ ప్రతి చూడాలో తేల్చుకోండి. థియేటర్లకు వచ్చింది 114 నిమిషాలు. 2003లో డీవీడీ కోసం మిగిలిన ఫుటేజి కలిపి 145 నిమిషాల ‘అసెంబ్లీ కట్’ తయారు చేశారు. దాన్ని డైరెక్టర్స్ కట్ అనలేదు, ఎందుకంటే దర్శకుడు డేవిడ్ ఫించర్ అందులో వేలు కూడా పెట్టలేదు. ఆ డీవీడీలో కలిపిన సీన్లలో కొన్నిచోట్ల మాటలు సరిగ్గా వినబడవు. 2010 బ్లూరేకి నటులతో మళ్ళీ డబ్బింగ్ చెప్పించారు, అది పట్టుకోండి. చిన్నది ముందు చూసి, వారం ఆగి పెద్దది చూడండి. వరస తిప్పితే ఏం పోయిందో మీకు తెలియదు.

ఆ వారంలో తెర వెనక సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఫించర్ కంటే ముందు న్యూజిలాండ్‌కి చెందిన విన్సెంట్ వార్డ్ ఉన్నాడు. ఆయన ఊహించింది చెక్కతో కట్టిన ఒక లోకం, అందులో సన్యాసుల మఠం. ఆయన వెళ్ళిపోయాక మఠం జైలైంది, సన్యాసులు ఖైదీలయ్యారు, భక్తి మాత్రం ఎటూ పోకుండా మిగిలింది. సొరంగాల్లో ఖైదీలు కొవ్వొత్తులు వెలిగించుకుంటూ పోయేటప్పుడు ఆ పాత మఠం వాసన తగులుతుంది చూడండి. 1991 జనవరిలో లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో షూటింగ్ మొదలయ్యేనాటికి బౌండ్ స్క్రిప్టు లేదు. ఫించర్‌కి 28 ఏళ్ళు, అంతవరకూ యాడ్‌లు, మ్యూజిక్ వీడియోలు తీసిన కుర్రాడు. కెమెరామన్ జోర్డన్ క్రోనెన్‌వెత్ పార్కిన్సన్స్ వల్ల త్వరలోనే తప్పుకోవలసి వచ్చింది, అలెక్స్ థామ్సన్ అందుకున్నాడు. ఆఖర్న లాస్ ఏంజెలిస్‌లో ప్యాచ్ వర్క్. మన దగ్గరైతే ఇంత జరిగాక ఒక ఐటెం సాంగ్ పెట్టి వదిలేసేవాళ్ళు.

ఇక అతుకులు వెతకడం. ఒక కాగితం తీసుకుని ప్రతి పాత్రా ఆఖరిసారి ఎక్కడ కనబడిందో రాసుకోండి. మేం రష్ (ఇంకా కోయని ఫుటేజి) చూసేటప్పుడు చేసే పనే ఇది. గోలిక్ అనే పిచ్చి ఖైదీ దగ్గర మీ పెన్ను ఆగిపోతుంది. థియేటర్ ప్రతిలో వాడు సగంలో మాయం, ఎవడూ అడగడు. పెద్ద ప్రతి చూస్తే తెలుస్తుంది: ఖైదీలు నిజంగానే ఆ జీవిని ఓ గదిలో బంధిస్తారు, దాన్ని దేవుడనుకున్న గోలిక్ కాపలావాడి గొంతు కోసి తలుపు తీస్తాడు. ఆ ముక్క ఎత్తేసేసరికి, మంటల్లో అంతమంది చచ్చింది ఎందుకో అర్థంకాకుండా పోయింది. సెకండాఫ్ నడుం విరిగింది అక్కడే.

అలాగని కలిపినవన్నీ మేలు కాదు. థియేటర్ ప్రతిలో జీవి కుక్కలోంచి పుడుతుంది, పెద్దదాంట్లో చచ్చిన ఎద్దులోంచి. నా ఓటు కుక్కకే. న్యూట్, హిక్స్‌ల అంత్యక్రియల దగ్గర ఖైదీల పెద్ద డిల్లన్ ప్రార్థన ఒకపక్క, కుక్క మూలుగు మరోపక్క, ఇంటర్‌కట్‌లో పెరుగుతూ పోతాయి. ఎడిటర్ టెర్రీ రాలింగ్స్, 1979 నాటి మొదటి ‘ఏలియన్’ కోసింది కూడా ఆయనే. ఆ సీను నేను కనీసం ఇరవైసార్లు ఫ్రేము ఫ్రేముగా చూసుంటాను.

జీవి పరిగెత్తే షాట్లలో అంచులు తేలిపోయి కనబడితే గ్రాఫిక్స్‌ని తిట్టకండి. అది కడ్డీలతో ఆడించిన బొమ్మ, విడిగా తీసి షాట్‌లో కలిపారు. బొమ్మ బాగానే ఉంది, కలిపిన తీరే చెడింది.

చివరగా రెండు ప్రతుల్లోనూ రిప్లీ కొలిమిలోకి దూకే చోట పాజ్ కొట్టి పక్కపక్కన పెట్టండి. థియేటర్ ప్రతిలో పడుతుండగా తన ఛాతీ చీల్చుకొచ్చిన జీవి పిల్లని ఆమె చేతుల్తో అదిమి పట్టుకుంటుంది. పెద్దదాంట్లో చేతులు చాచి ఒంటరిగా పడిపోతుంది. నాకు చేతులు చాచిందే నచ్చుతుంది. మా ఆవిడ మొదటిదే అంటుంది. మూడేళ్ళయింది, ఇంకా తేలలేదు.