చల్లటి నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయా? ఇలా చేసి చూడండి

చల్లటి నీళ్లు గుక్క వేయగానే పన్ను జివ్వుమంటుంది, రెండు మూడు సెకన్లలో తగ్గిపోతుంది. తగ్గిపోతోంది కదా అని చాలామంది ఆ వైపు నమలడం మానేసి, ఏళ్ల తరబడి అలాగే సర్దుకుపోతారు. అంత ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. ఇలా పళ్లు జివ్వుమనడాన్నే సెన్సిటివిటీ అంటారు, దాన్ని చాలావరకు ఇంట్లోనే అదుపులో పెట్టుకోవచ్చు.

పంటి పైన ఎనామెల్ అనే గట్టి పొర, దాని కింద డెంటిన్ ఉంటాయి. డెంటిన్ నిండా కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం. ఎనామెల్ అరిగినా, చిగురు జారి పంటి వేరు బయటపడినా ఆ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చల్లదనమో పులుపో తగలగానే లోపలి ద్రవం కదిలి నరాన్ని రేపుతుంది. కాబట్టి మనం చేయాల్సింది ఆ మూతులు మూయడం, నరాన్ని శాంతపరచడం, అరుగుదలను ఆపడం.

1. ముందు ఇది సెన్సిటివిటీయేనా చూసుకోండి

దయచేసి ఈ మెట్టు దాటేయకండి. చల్లదనమో తీపో తగిలినప్పుడే నొప్పి వచ్చి, అది పోగానే తగ్గిపోతే సెన్సిటివిటీ అయ్యే అవకాశం ఎక్కువ. అలా కాకుండా నొప్పి చాలాసేపు ఉండిపోతున్నా, ఏమీ తగలకుండానే వస్తున్నా, రాత్రి నిద్ర లేపుతున్నా, కొరికినప్పుడు ఒకే పన్ను కలుక్కుమంటున్నా అది పుచ్చు, పగులు లేదా లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు పేస్టులతో కాలం గడపకుండా డెంటిస్టు దగ్గరికి వెళ్లండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు వెళ్లాలి.

2. బ్రష్ చేసే తీరు మార్చండి

గట్టిగా రుద్దితేనే పళ్లు శుభ్రపడతాయన్న నమ్మకం పళ్లకు చాలా చేటు చేస్తుంది. పాచి మెత్తగా ఉంటుంది, దానికి అంత బలం అక్కర్లేదు. సాఫ్ట్ బ్రష్ తీసుకుని, చిగురు అంచు వైపు 45 డిగ్రీల వాలులో పెట్టి, చిన్న చిన్న కదలికలతో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోండి. కుచ్చులు విచ్చుకుపోతే బ్రష్ మార్చండి. గరుకు పళ్లపొడులు వద్దు. జివ్వుమంటోందని ఆ పంటిని తోమకుండా వదిలేయకండి, పాచి పేరుకుంటే చిగురు ఇంకా దెబ్బతింటుంది.

3. పులుపు తగలడం తగ్గించండి

నిమ్మరసం, కూల్‌డ్రింకులు, పళ్లరసాల్లోని ఆమ్లం ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది. ఎంత తాగారన్న దానికంటే ఎన్నిసార్లు, ఎంతసేపు చప్పరించారన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒకేసారి తాగేసి, మామూలు నీళ్లతో పుక్కిలించండి. తాగిన వెంటనే బ్రష్ చేయొద్దు, కనీసం అరగంట ఆగండి. తరచూ పుల్లటి తేన్పులు వస్తుంటే, వాంతులు అవుతుంటే దానికి వైద్యం చేయించుకోనిదే పళ్లు కుదుటపడవు.

4. సెన్సిటివిటీ పేస్టు వాడండి, ఓపిక పట్టండి

పేస్టు డబ్బా మీద పొటాషియం నైట్రేట్ లేదా స్టానస్ ఫ్లోరైడ్ ఉందేమో చూడండి. మొదటిది నరాన్ని శాంతపరుస్తుంది, రెండోది గొట్టాల మూతులు మూస్తుంది. నాలుగు రోజులు వాడి పని చేయట్లేదని పారేసేవాళ్లే ఎక్కువ. గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో పాత పేస్టుకు మారితే నొప్పి మళ్లీ మొదలవ్వచ్చు. తోమాక నురగ ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. మందు పంటి మీద కాసేపు నిలవాలి. పళ్లు తెల్లబరిచే వైటెనింగ్ చేయించుకుంటున్నవాళ్లు కొన్నాళ్లు దాన్ని ఆపి చూడాలి.

5. నాలుగు వారాలకూ తగ్గకపోతే

డెంటిస్టును కలవండి. ఏ పన్ను, దేనికి, ఎంతసేపు లాగుతోందో ముందే రాసిపెట్టుకుని వెళితే వాళ్ల పని తేలికవుతుంది. ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం, బయటపడ్డ వేరును ఫిల్లింగ్‌తో కప్పడం, చిగురు బాగా జారితే గ్రాఫ్ట్ చేయడం (అక్కడ కొత్త కణజాలం అతికించడం) వంటి మార్గాలు ఉన్నాయి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే రాత్రిపూట పెట్టుకునే గార్డు చేయిస్తారు. సెన్సిటివిటీ అనగానే రూట్ కెనాల్ తప్పదేమోనని టెన్షన్ పడకండి, మిగతావేవీ పని చేయనప్పుడో, లోపలి నరం దెబ్బతిన్నప్పుడో మాత్రమే దాని అవసరం వస్తుంది.