ఇంట్లోంచే స్కానర్ వినబడింది: నా అనుభవం

మాది పర్లాకిమిడి. మేడ మీద యాంటెనా తీగ కట్టనివ్వని అద్దె ఇల్లు. స్కానర్‌లో, అంటే రకరకాల ఫ్రీక్వెన్సీలు వినే రేడియోలో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మాటలు వచ్చే 145.800 మెగాహెర్ట్జ్ పెడితే, ఆ కేంద్రం నెత్తి మీదుగా పోతున్నా బుస తప్ప ఏమీ లేదు. పొడుగు రబ్బరు యాంటెనా, చవక సిగ్నల్ బూస్టర్, స్క్వెల్చ్ (బుసను అణిచే మీట) తిప్పడం, అన్నీ దండగే.

ముందు చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపాను. ఎల్‌ఈడీ బల్బు ఆర్పగానే రొద సగానికి తగ్గింది! ఇది అందరూ మొదట చూసుకోవాలి.

తర్వాత యాంటెనా నేనే చేశాను: ఆర్‌జీ-58 (లోపల ఒక తీగ, చుట్టూ అల్లిక తీగ ఉండే రేడియో కేబుల్) చివర నల్ల తొడుగు 49 సెంటీమీటర్లు ఒలిచి, అల్లిక తీగలోంచి లోపలి తీగను బయటికి లాగాను. ఆ పొడవు లెక్క ఇది: 75ను మెగాహెర్ట్జ్ అంకె 145.8తో భాగిస్తే పావు తరంగం పొడవు 0.51 మీటరు, అంటే 51 సెంటీమీటర్లు, అందులో ఐదు శాతం తగ్గించాలి. లోపలి తీగ పైకి, అల్లిక కిందికి, రెండూ నిలువుగా ప్లాస్టిక్ పైపుకు కట్టాను. కేబుల్‌ని మాత్రం మీటరు దూరం అడ్డంగా లాగాకే కిందికి దింపాను. కిటికీ ఇనప ఊచలకు అరమీటరు ఎడంగా పెట్టాక మాట తేటగా వచ్చింది.

మాది స్లాబు ఇల్లు, కాబట్టి అంతరిక్ష కేంద్రం కిటికీ వైపు నుంచి వచ్చినప్పుడే బాగా వినబడుతోంది. రేకుల ఇంట్లో ఫలితం వేరుగా ఉండొచ్చు.